లీవరు పట్టుకున్న చెయ్యి

“నొక్కు నాన్నా,” అంటుంది కింద నుంచి. నొక్కాను. “ఇంకోసారి.” నొక్కాను. “ఇంకోసారి. ఇప్పుడు పట్టుకో, నేను చెప్పేదాకా వదలకు.” పట్టుకున్నాను. నాకు చెబుతోంది! నలభై ఏళ్లు ఆ మాట నేను ఇంకొకరికి చెప్పాను, వదిలావంటే వీపు వాచిపోతుందని కూడా కలిపి చెప్పాను, ఇవాళ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఎనిమిదో నంబరు పానా తిప్పుతున్నది నా కూతురు, హ్యాండిల్ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద బుద్ధిగా కూర్చుని బ్రేకు లీవరు పట్టుకున్నది నేను. పానా పావు వంతు తిరిగింది, వేళ్ల కింద లీవరు మెల్లగా జారి హ్యాండిల్‌కి ఆనుకుంది, కింద సీసాలోకి ఆయిలు కారింది, పానా మళ్లీ బిగిసింది, “వదులు” అంది, వదిలాను. మెత్తగానే ఉంది. ఆరింటి నుంచి ఇదే వరస, ఇప్పుడు ఆరున్నర దాటింది, ఎనిమిదికల్లా అది ఈ బండి మీద బయల్దేరాలి, కొండ అవతలి ఆసుపత్రిలో నర్సుగా ఇవాళే మొదటి రోజు, బస్సును నమ్ముకుంటే చేరేసరికి సగం పూట అయిపోతుంది. కొండ ఎక్కడానికేం, ఎలాగైనా ఎక్కుతుంది. అవతల దిగాలి, ఏడు మలుపులు, ఒక్కో మలుపు దగ్గరా నా కూతురికి ఈ లీవరే దిక్కు.

మెత్తదనం అంటే ఏమిటో లీవరు పట్టుకోనివాళ్లకి చెప్పినా తెలియదు. ఆయిలు ఎంత నొక్కినా నలగదు, ఇక్కడ వేలితో తోసింది అక్కడ చక్రాన్ని పట్టే ప్యాడ్లని తోస్తుంది, మధ్యలో ఎవరూ ఏమీ మిగుల్చుకోరు, అంత నిజాయితీ మనుషుల్లో నేను చూడలేదు. కానీ గొట్టంలో ఆవగింజంత గాలి బుడగ చేరిందా, తోసిందంతా అదే మింగేస్తుంది, చక్రం తన మానాన తను తిరుగుతుంది. ఆ బుడగ ఎక్కడుందో నా చూపుడువేలు చెప్పేది. చెప్పుకోకూడదు గానీ చెప్పుకుంటాను, ఈ చుట్టుపక్కల నన్ను బ్రేకుల మేస్త్రి అనే పిలుస్తారు, అసలు పేరు మా ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తులేదు, కొత్త కొత్త యంత్రాలు పెట్టుకున్న పెద్ద షాపులవాళ్లు కూడా చేతులెత్తేసిన బండి నా దగ్గరికే వచ్చేది, నేను లీవరు రెండుసార్లు నొక్కి, కళ్లు మూసుకుని, “పై వంపు దగ్గరుందయ్యా” అంటే అక్కడే ఉండేది. ఆ వేలు ఇంకా ఉంది. కళ్లే నన్ను ముంచాయి. కుడికంటికి ఆపరేషన్ అయి మూడు వారాలు, వంగకూడదట, బరువు ఎత్తకూడదట, బండి నడపకూడదట, రోజుకి నాలుగుసార్లు నా కూతురు నా తల వెనక్కి వంచి చుక్కలు వేస్తుంది, చిన్నప్పుడు దానికి మందు పట్టడానికి నేను ముక్కు మూసేవాణ్ణి, ఇప్పుడు అది నా రెప్ప పట్టుకుని “కదలకు” అంటే కదలను. వంటగదిలోంచి మా ఆవిడ కేక. “ఏవండీ, వంగట్లేదు కదా?” “వంగట్లేదే!” “మిమ్మల్ని అడగట్లేదు, అమ్మాయిని అడుగుతున్నా.” “వంగట్లేదమ్మా,” అంది అమ్మాయి. నా మాటకి ఇంట్లో అంత విలువ.

నొక్కు. నొక్కాను. పట్టుకో. పట్టుకున్నాను. ఇది నా పని, నేను పాడుచేసిన పని, ఆ సంగతి ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. షాపులో ఇద్దాం నాన్నా అంది మొన్న, గొట్టం బీటలు వేసిందని నేను చూపించగానే. నేను బతికుండగా నా ఇంటి బండి ఇంకొకడి షాపు మెట్లు ఎక్కుతుందా అన్నాను. మాట జారితే పట్టుకోవడం నాకు ఎప్పుడూ రాదు. నిన్న సాయంత్రం అది యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే నేనొక్కణ్ణే కూర్చుని, వంగకుండా, నేల మీద చాప వేసుకుని, గొట్టం మార్చాను, గాలి తీయడం మొదలుపెట్టాను, కాలి బొటనవేలితో సీసా పట్టుకుని, ఒక చేత్తో లీవరు, ఒక చేత్తో పానా, సర్కసు. దాదాపు అయిపోయింది. లీవరు గట్టిపడింది, నా వేలికి తెలుసు, ఇంకో నాలుగు నొక్కులు. నాకొక అలవాటు, హ్యాండిల్ మీది కప్పులో ఆయిలు ఎంతుందో చూడను, లెక్క పెడతాను, పది నొక్కులకి ఒకసారి పోస్తాను, నలభై ఏళ్లలో ఆ లెక్క తప్పలేదు, కప్పులోకి తొంగిచూసేవాణ్ణి చూస్తే నాకు నవ్వు, కొత్తవాడనుకునేవాణ్ణి. ఈ బండి కప్పు చిన్నది. ఏడో నొక్కుకే ఎండిపోయింది. కళ్లజోడు జేబులోనే ఉంది, పెట్టుకోలేదు. ఎనిమిదో నొక్కుకి ఖాళీ కప్పు గుటకలు వేస్తున్న చప్పుడు, గొట్టం నిండా గాలి, గంటన్నర పని ఏట్లో పోసినట్టయింది. అమ్మాయి వచ్చి అయ్యిందా అని అడిగితే కొత్త పైపు కదా, కాస్త టైము పడుతుంది అన్నాను. లీవరుని గుడ్డపేలికతో హ్యాండిల్‌కి బిగించి కట్టి, పొద్దుటికి బుడగలు వాటంతటవే పైకి వచ్చేస్తాయిలే అన్నాను. ఒక్కోసారి వస్తాయి. ఈసారి రాలేదు. నిద్రలేచి పేలిక విప్పి నొక్కితే లీవరు ఉడికిన వంకాయలా ఉంది.

“వదులు.” వదిలాను. సీసాలో సగం దాకా ఆయిలు చేరింది, తేనెరంగు, దాని చుట్టూ తడిగుడ్డ పరిచింది, బొట్టు పడితే పెయింటు లేచిపోతుందని దానికి నేను చెప్పలేదు, ఎప్పుడు చూసిందో. చూసిందిలే. దానికి పదిహేనేళ్లప్పుడు ఇదే బుర్ర ఇలాగే నా పక్కన ఉండేది, పైన, లీవరు దగ్గర. ఆ సంగతి తలుచుకోకూడదనుకుంటాను, లీవరు పట్టుకోగానే అదే వచ్చి కూర్చుంటుంది. ముందు నా పద్ధతి చెప్పాలి. బ్రేకు చేసిన బండిని నేనెక్కి దిగకుండా ఎవరికీ ఇవ్వను. మా వీధి చివర వాలు ఉంది, నిటారు వాలు, కింద పాలబూత్ గోడ. పైనుంచి బండి వదిలి, వెనక బ్రేకు ముట్టుకోకుండా, ముందు బ్రేకొక్కటే పట్టి, ఆ గోడకి రెండు మూరల ఇవతల ఆగాలి. అప్పుడు తాళంచెవి బండివాడి చేతిలో పెడతాను. కొత్తలో ఈ పద్ధతి లేదు. ఒక పోస్ట్‌మాన్‌కి, తొందరగా ఉందంటే, సరేలెమ్మని అలాగే ఇచ్చేశాను, అతను ఆ గోడ దగ్గరే ఆగాడు, కానీ గోడ ఆపింది. చెయ్యి విరిగింది. ఉత్తరాలన్నీ రోడ్డంతా. నేను పరిగెత్తుకుంటూ వెళ్తే అతను నన్ను ఒక్కమాట అనకుండా, ముందు ఉత్తరాలు ఏరయ్యా అన్నాడు. ఏరాను. ఆ రోజునుంచి ఎవరి బ్రేకు మీదైనా ముందు నా మెడే. పాలబూత్ ఆయన ఆ గోడకి మళ్లీ సున్నం కొట్టించి, నేను బండి మీద దిగి ఆగినప్పుడల్లా కిటికీలోంచి అడిగేవాడు, “ఎవరు చేశారు మేస్త్రీ?” “ఇంకెవరు, నేనే!” ఎన్ని వేలసార్లు అడిగాడో, ఎన్ని వేలసార్లు చెప్పానో, ఇద్దరికీ విసుగు రాలేదు.

పదిహేనేళ్లప్పుడు ఒక సెలవురోజు. అమ్మాయి ఆదివారం ఆదివారం షాపుకి వచ్చేది, లీవరు పట్టుకునేది, వదలమనేదాకా వదిలేది కాదు, వేళ్లు ఎర్రగా కందిపోయినా సరే. ఆ రోజు బండి మొండిది, మూడు గంటలు పట్టింది, చివరికి కింది గొట్టంలో బుడగ ఉందని కనిపెట్టి చెప్పింది అదే, నేను కాదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, లోపల్లోపలే అయినా. దాన్ని వెనక ఎక్కించుకుని వాలు దిగాను. గోడ దగ్గర ఆగాం. “ఎవరు చేశారు?” అన్నాడు పాలబూత్ ఆయన. నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి అది, ఉత్సాహంగా, “నేను, నాన్న చేశాం!” అంది. అక్కడ నలుగురున్నారు. నాకు ఏం పుట్టిందో. “నేను చేశాను,” అన్నాను. “ఇది లీవరు పట్టుకుంది, అంతే.” నలుగురూ నవ్వారు, చెడ్డగా కాదు. అది దిగింది. నడుచుకుంటూ వాలు ఎక్కిపోయింది. నేను బండి పక్కనే నడిపించుకుంటూ ఎక్కమ్మా అంటే ఎక్కలేదు. తర్వాతి ఆదివారం చదువుకోవాలంది. ఆ తర్వాతా అంతే. పనిలో లీవరు పట్టుకునేవాడికి పేరుండదు, మా షాపులో ఎంతమంది పట్టుకున్నారో, ఒక్కడి పేరూ చెప్పలేను, ఏయ్ అంటే పలికేవాళ్లు. ఆ వరసలో నేను నా కూతుర్ని నిలబెట్టాను. ఆ మాట అది ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, పన్నెండేళ్లయింది. దానికి చదువబ్బింది, తరగతిలో మొదటిది, ఇంతకుముందు ఆసుపత్రిలో మూడేళ్లు అత్యవసర వార్డులో పనిచేసింది, పది నిమిషాల్లో నలుగురి నరాల్లో సూది పెట్టగలదని అక్కడి పెద్ద నర్సు నాతో అంటే తల తిప్పుకుని నిలబడ్డాను, మొహంలో సంతోషం కనబడితే నాకు నామోషీ.

“ఇది కాదు నాన్నా,” అంది, పానా కింద పెట్టేసి. ఏడుకి పది నిమిషాలు తక్కువ. లేచి నడుం పట్టుకుంది. “గాలి ఎటు పోతుంది?” అంది. ఇదేం ప్రశ్న. “పైకి.” “మనమేమో పైనుంచి నొక్కి దాన్ని కిందికి తరుముతున్నాం. అది రానంటోంది.” “నలభై ఏళ్లు కిందికే తరిమాను,” అన్నాను, గొంతు కాస్త లేచింది. “వచ్చింది నాన్నా, నీ వేలుంది కాబట్టి వచ్చింది. నాకు నీ వేలు లేదు, గంట టైము కూడా లేదు.” ఇలాంటి మాట అంటే మనిషి ఎలా పోట్లాడతాడు? లోపలికి వెళ్లింది, కొత్త సిరంజి పెద్దది ఒకటి, సెలైన్ గొట్టం ముక్క ఒకటి తెచ్చింది. సెలైన్ ఎక్కించేటప్పుడు గొట్టంలో బుడగ కనబడితే గోటితో టిక్కుటిక్కుమని కొట్టి పైకి పంపేస్తారట, ఒక్కటి కూడా లోపలికి పోనివ్వరట. హ్యాండిల్ మీది కప్పులో ఆయిలు ముందు పీల్చేసి అడుగున కాస్తే ఉంచింది. సిరంజి నిండా కొత్త ఆయిలు తీసుకుంది, మొన పైకి పెట్టి, గోటితో రెండు దెబ్బలు కొట్టి, గాలి వదిలేసి, గొట్టం తగిలించి, చక్రం దగ్గర గాలి తీసే నిప్పుల్‌కి తొడిగింది. ఆ చేతులు చూస్తూ ఉండిపోయాను. నా చేతులు అవి, పొడుగు వేళ్లు, వంకర చిటికెనవేలు, కానీ నావి ఎప్పుడూ అంత శుభ్రంగా పనిచేయలేదు. “కళ్లజోడు పెట్టుకో,” అంది. “నీ పని ఇప్పుడు అదే. కప్పులో చూస్తూ ఉండు. ఏం వస్తోందో చెప్పు.”

పెట్టుకున్నాను. నలభై ఏళ్లలో మొదటిసారి కప్పులోకి తొంగిచూశాను. అది కింద పానా వదులు చేసి సిరంజి నొక్కింది, మెల్లగా, మనిషికి ఎక్కించినట్టు. కాసేపు ఏమీ లేదు. తర్వాత కప్పు అడుగున సన్నటి రంధ్రంలోంచి ఒక బుడగ, బొడుక్కుమని. ఇంకోటి. తర్వాత వరసగా, చిన్నవీ పెద్దవీ, బడి వదిలినట్టు. “వస్తున్నాయి!” అని అరిచాను. వంటగదిలోంచి మా ఆవిడ, “ఎవరొస్తున్నారు?” అని తొంగిచూసింది. “గాలే, గాలి!” “మీలో ఉన్న గాలి కూడా తీస్తుందేమో అడగండి,” అనేసి పోయింది. నవ్వుతున్నాను, కళ్లు చెమ్మగిల్లాయి, చుక్కల మందు వల్ల అనుకుందాం. కప్పు నిండుతోంది, ఆయిలు మెరుస్తోంది, ఏ కప్పయితే నేను ఎండబెట్టానో అదే. నోటిదాకా వచ్చింది, ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. “నిన్న కప్పు ఎండబెట్టింది నేనేనమ్మా. జోడు పెట్టుకోలేదు. కొత్త పైపు అని అబద్ధం చెప్పాను.” అది తల ఎత్తలేదు. “తెలుసు నాన్నా.” “ఎలా తెలుసు?” “కొత్త పైపు అని మూడుసార్లు చెప్పావు. ఒక్కసారి చెబితే నమ్మేదాన్ని. చూస్తున్నావా, ఇంకా వస్తున్నాయా?” చూస్తున్నాను. “ఒకటి… లేదు. ఇక లేవు.” పానా బిగించింది. రెండు సిరంజిలు, పదిహేను నిమిషాలు. నాకు రోషం రావాలి. రాలేదు. నా పనిని నాకంటే బాగా చేసింది నా ఇంట్లోనే ఉంటే నాకెందుకు రోషం, ఊరంతా పిలిచి చూపించాలనిపించింది.

“నొక్కి చూడు,” అంది. నొక్కాను. గట్టిగా ఉంది, షాపువాడైతే ఇచ్చేస్తాడు, అది కూడా ముఖం తుడుచుకుని లేవబోతోంది. కానీ లీవరు మొదట్లో వెంట్రుకవాసి తేడా. కళ్లు మూసుకున్నాను. మళ్లీ నొక్కాను. “ఇంకొకటుంది,” అన్నాను. “ఎక్కడ?” “ఇక్కడే. లీవరు పక్కన గొట్టం వంపులో. వంపు కప్పుకంటే ఎత్తులో ఉంది చూడు, కిందినుంచి ఎంత పంపినా అది ఆ మూల వదలదు.” అది నన్ను నమ్మింది, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పి బండిని పట్టుకోమన్నాను, పట్టుకుంది, కప్పు ఎత్తుకి వచ్చింది. పానా వెనక కొనతో వంపు మీద టిక్కుటిక్కుమని కొట్టాను, సెలైన్ గొట్టాన్ని కొట్టినట్టే, లీవరు గోరంతే కదిపాను, వదిలాను, కదిపాను, వదిలాను. ఇద్దరం కప్పులోకి చూస్తున్నాం, తలలు తగులుతున్నాయి, దాని జుట్టుకి సబ్బు వాసన. వచ్చింది. గసగసాల గింజంత. పైకి తేలి, క్షణం ఆగి, పగిలింది. లీవరు నొక్కితే రాయి. “అబ్బ నాన్నా,” అంది అది. అంతే అంది. నాకు చాలు.

ఏడున్నర. కప్పు మూత బిగించింది, నీళ్లతో అంతా కడిగింది, చేతులు కడుక్కుని యూనిఫాం వేసుకుని వచ్చింది. తెల్లటి యూనిఫాం, భుజం మీద కొత్త బ్యాడ్జి. వాళ్లమ్మ దాని నోట్లో రెండు ముద్దలు కుక్కింది. అది తాళంచెవి తీసుకుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను, అడ్డంగా. “ఏంటి?” అంది. బ్రేకు చేసిన బండిని నేనెక్కి దిగకుండా ఇవ్వను. అందులోనూ నా కూతురికి, ఏడు మలుపులకి. బండి నడపకూడదు. నడపకూడదని నా కళ్లకీ తెలుసు. అది నా మొహం చూసింది, వాళ్లమ్మని చూసింది, బండి బయటికి తీసి స్టార్ట్ చేసి, వెనక సీటు మీద అరచేత్తో కొట్టింది. “ఎక్కు. నడపకూడదన్నారు, ఎక్కకూడదనలేదు.” మా ఆవిడ ఏదో అనబోయి, “గట్టిగా పట్టుకోండి,” అంది.

వీధి చివర ఆగింది. కింద వాలు, గోడ, మీద తెల్లసున్నం. నేను దాని భుజాలు పట్టుకున్నాను. ఇంతకాలం ఈ వాలు మీద నా చేతులు ఎప్పుడూ హ్యాండిల్ మీదే, వెనక కూర్చుంటే ఇంత నిటారుగా ఉంటుందని తెలియదు, ఆ రోజు దీనికి ఇలాగే కనిపించి ఉంటుంది, నా వీపు ఒక్కటీ అడ్డం. వదిలింది. గాలి చెవుల్లో, ఇళ్లు వెనక్కి, పాలబూత్ పెద్దదవుతోంది, నా కుడికాలు లేని బ్రేకుని తొక్కుతోంది. దాని పాదం కదలలేదు, చూశాను, వెనక బ్రేకు ముట్టుకోలేదు, దానికి ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు. రెండు వేళ్లు లీవరు మీద, అంతే. బండి ముందుకి వంగి, లొంగి, ఆగింది. గోడకి రెండు మూరలు. కొలవక్కర్లేదు, నాకు తెలుసు.

దిగాను. ఎనిమిదికి పావుగంట తక్కువ. “నడిచి వెళ్లగలవా?” అంది. “నువ్వెళ్లు తల్లీ, మొదటి రోజు.” తల ఊపింది, కానీ ఇంకా గేరు వేయలేదు, అద్దం సర్దుకుంటోంది. అప్పుడే పాలబూత్ కిటికీ తెరుచుకుంది. ఆయనకీ వయసైపోయింది, చెవులకి మిషను, అయినా ఆ ప్రశ్న మాత్రం మరిచిపోలేదు. క్యూలో ఆరుగురు నిలబడి ఉన్నారు. “ఏం మేస్త్రీ, చాన్నాళ్లకి! ఎవరు చేశారు?” నోట్లో పాత జవాబు సిద్ధంగానే ఉంది, నలభై ఏళ్ల అలవాటు, నాలుక చివరికి వచ్చేసింది. మింగేశాను. ఆయనకి వినపడాలని, క్యూలో వాళ్లందరికీ వినపడాలని, అద్దం సర్దుకుంటున్న నా కూతురికి వినపడాలని గట్టిగా చెప్పాను.

“మా అమ్మాయి చేసింది. లీవరు నేను పట్టుకున్నాను.”